వేసవి ఎండలు – గుండె పడే శ్రమ



మే నెల వచ్చిందంటే పటమటలో మిట్టమధ్యాహ్నం వీధులు ఖాళీ అవుతాయి. 2003 వేసవిలోనూ, 2015 వేసవిలోనూ ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వడదెబ్బ అనగానే మనం తలకు తువ్వాలు చుట్టుకుంటాం. మంచిదే. కానీ ఎండను తట్టుకోవడంలో పెద్ద భారం మోసేది గుండె, రక్తనాళాలు.

గుండెకు పగ్గాలు ఎవరి చేతిలో?

విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. గుండె కుడివైపు పై గదిలో పుట్టే సన్నని విద్యుత్ సంకేతమే దాన్ని కొట్టిస్తుంది. వేగం పెంచాలా, తగ్గించాలా అన్నది మెదడు నరాల ద్వారా చెబుతుంది. భయపడినప్పుడు అడ్రినలిన్ కూడా వేగం పెంచుతుంది.

ప్రకాశం బ్యారేజీ నుండి ఏలూరు, రైవస్, బందరు కాలువలకు అవసరాన్ని బట్టి నీరు వదులుతారు కదా! ఒంట్లో సన్నని ధమనులు అలాంటి తూములే. అన్నం తిన్నాక పొట్టకు, నడిచేటప్పుడు కాళ్ళకు, ఎండలో చర్మానికి ఎక్కువ రక్తం వదులుతాయి.

మెడలో కాపలా

మెడలోని పెద్ద ధమనుల్లోనూ, గుండె నుండి బయలుదేరే బృహద్ధమనిలోనూ రక్తపోటును కనిపెట్టే నరాల కొసలను దేవుడు అమర్చాడు. చాలాసేపు మోకాళ్ళ మీద ప్రార్థన చేసి లేచామనుకోండి. సుమారు అర లీటరు రక్తం కాళ్ళలోకి, పొట్ట కిందికి దిగుతుంది. ఆ కబురు వెంటనే మెదడుకు చేరుతుంది. కొద్ది క్షణాల్లోనే గుండె వేగం పెరిగి, రక్తనాళాలు బిగుసుకుని, రక్తపోటు నిలబడుతుంది. వయసు పైబడినవారిలో, ఎంతోకాలంగా షుగరు ఉన్నవారిలో ఈ ఏర్పాటు మందగిస్తుంది. అందుకే లేవగానే కళ్ళు తిరుగుతాయి.

ఎండలో ఏమవుతుంది?

వేడిని బయటకు పంపడానికి చర్మంలోని రక్తనాళాలు తెరుచుకుంటాయి. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. రక్తం పరిమాణం తగ్గుతుంది. ఉన్న రక్తంతోనే అందరికీ సర్దాలి కాబట్టి గుండె వేగంగా కొట్టుకుంటుంది. మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచుతాయి. మూత్రం తగ్గి పచ్చగా వస్తుంది. అప్పటికీ నీరు అందకపోతే రక్తపోటు పడిపోతుంది, ఒంట్లో వేడి పెరిగిపోతుంది.

బి.పి. మాత్రలు మానకండి

కొన్ని బి.పి. మాత్రలు నీటిని మూత్రంగా బయటకు పంపుతాయి. వేసవిలో వీటివల్ల నీరసం, తల తిరుగుడు రావచ్చు. అంతమాత్రాన మాత్రలు సొంతంగా మానేస్తే రక్తపోటు చప్పుడు లేకుండా పెరిగి పక్షవాతానికి, గుండెపోటుకు దారి తీస్తుంది. కూర్చున్నప్పుడూ, నిలబడినప్పుడూ బి.పి. చూపించుకోండి. మోతాదు మార్చాలో వద్దో డాక్టరే చెబుతారు.

గుర్తుంచుకోండి

* దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు, పలుచని మజ్జిగ తాగండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఎంత తాగాలో డాక్టరును అడగండి.
* బి.పి. ఉన్నవారు మజ్జిగలో ఉప్పు వేసుకోవద్దు, ఆవకాయ తగ్గించండి.
* మంచం మీద నుండి ఒక్కసారిగా లేవకండి. కాసేపు కూర్చుని, తరువాత నిలబడండి.
* ఒళ్ళు కాలిపోతూ, మాట తడబడుతూ, తెలివి తప్పుతుంటే నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్ళు చల్లి విసరండి. 108కి ఫోన్ చేయండి. తెలివి లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి.

వయసు మీరేకొద్దీ దాహం తెలియడం కూడా తగ్గుతుంది. పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దలు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. ఈ వేసవిలో రోజూ ఒకసారి వారి తలుపు తట్టి, “నీళ్ళు తాగారా అమ్మమ్మగారూ?” అని అడుగుదాం. అడిగి, ఒక గ్లాసు చేతికిచ్చి, వారు తాగేదాకా కూర్చుందాం.