తోడడానికి పుట్టిన గొట్టం

తెలుగునాట ఏ పెద్దాసుపత్రి వరండాలో కాసేపు నిలబడినా ఓ మాట చెవిన పడుతుంది: "రైల్స్ ట్యూబ్ వేశారు." రైల్ అనేది ఓ మనిషి పేరు. లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ 1921 నాటికి వాడుకలోకి తెచ్చిన సన్నటి రబ్బరు గొట్టం అది. ఈ రోజు దాన్ని ఎక్కువగా పాలు పట్టే గొట్టంగా ఎరుగుదుం. కానీ అది పుట్టింది కడుపులో ఉన్నదాన్ని తోడడానికి.

కడుపులో ఆమ్లం ఎంత ఊరుతోందో తెలియాలంటే ఆ రోజుల్లో ఆ రసాన్ని బయటికి తీసి చూడాల్సిందే. రైల్ గొట్టం కొసన చిన్న బరువు, దానికి కాస్త పైన పక్క రంధ్రాలు ఉండేవి. పరగడుపున దాన్ని మింగించి, ఓట్స్ జావ తాగించి, పావుగంటకోసారి సిరంజితో కొంచెం లాగి పరీక్షించేవారు. రైల్, ఆయన సహచరుడు బెన్నెట్ కలిసి వందమంది ఆరోగ్యవంతులకు ఇలా చేసి చూశారు. మామూలు కడుపు తీరు తెలియనిదే జబ్బు కడుపును తూచేదెలా?

గొట్టంతో తిండి పెట్టడం అంతకన్నా పాత సంగతి. 1790లో జాన్ హంటర్ మింగలేని ఓ రోగికి, తిమింగలం నోట్లోంచి తీసిన వంగే పుల్లకు ఈల్ చేప తోలు తొడిగి, ఆ తోలు గుండా గుడ్లు, పాలు, పంచదార పంపించాడు. 1880లలో పారిస్‌లో తార్నియే నెలలు నిండని బిడ్డలకు మెత్తటి రబ్బరు గొట్టంతో పాలు పోశాడు. కాలక్రమంలో తోడడం, పోయడం ఒకే గొట్టం పనులయ్యాయి.

పిల్లల ఐసీయూలో చిక్కు అక్కడే వచ్చింది.

వెంటిలేటర్ మీద ఏడాది బిడ్డ ఉంది. నర్సు గొట్టాన్ని ముక్కు కొస నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక చివరకూ బొడ్డుకూ నడిమి చోటు దాకా ఆనించి కొలుస్తుంది. ముక్కులోంచి మెల్లగా దింపి, చెంపకు ప్లాస్టరు అంటిస్తుంది. లాగిన చుక్కను పీహెచ్ కాగితం మీద వేస్తుంది. 5.5 లేదా అంతకు లోపు చూపిస్తే కొస కడుపులో ఉన్నట్టే. అనుమానముంటే ఎక్స్‌రే. గాలి కొట్టి స్టెతస్కోపుతో వినే పాత పద్ధతిని మాత్రం నమ్మకూడదు. కొస ఊపిరితిత్తుల్లో ఉన్నా ఆ గుడగుడ వినబడవచ్చు. అక్కడికి పాలు పోతే బిడ్డ ప్రాణానికే ముప్పు.

ఇంతవరకూ ఏ జాగ్రత్తా దండగ కాదు. ఆ తర్వాతి అలవాటే వేరు. పాలు పట్టే ముందు సిరంజితో లాగి, ఎంత మిగిలిందో కొలిచి, ఎక్కువనిపిస్తే "అరగలేదు" అని ఆ పూట పాలు ఆపేస్తారు. కడుపు నిండి పొర్లితే న్యుమోనియా వస్తుందన్న భయం అది. కానీ సిరంజిలోకి వచ్చేది పాలొక్కటే కాదు. ఉమ్మి, కడుపు రసం కూడా వస్తాయి. గొట్టం లావును బట్టి, కొస ఉన్న చోటును బట్టి, బిడ్డ పడుకున్న తీరును బట్టి ఆ లెక్క మారిపోతుంది. అంత నిలకడలేని అంకెను పట్టుకుని జబ్బుపడ్డ పిల్లల్ని పస్తు పెట్టడం న్యాయం కాదు.

ఐసీయూ పిల్లల పస్తు చిన్నదేమీ కాదు. 8 దేశాల్లోని 31 పిల్లల ఐసీయూల్లో 500 మందిని గమనించిన అధ్యయనం 2012లో వెలువడింది. వైద్యులు రాసిన కేలరీల్లో గొట్టం ద్వారా నిజంగా అందింది సగటున 38 శాతమే. మరుసటేడు వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో, వెంటిలేటర్ మీదున్న 449 మంది పెద్దవాళ్లలో సగం మందికి కడుపులో మిగిలింది కొలవడమే మానేసి చూశారు. న్యుమోనియా కొలిచినవాళ్లలో 15.8 శాతం, కొలవనివాళ్లలో 16.7 శాతం, చెప్పుకోదగ్గ తేడా లేదు. పిల్లల ఐసీయూ వైద్యుల యూరప్ సంఘం 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ప్రతిసారీ లాగి కొలవడాన్ని సిఫారసు చేయలేదు. వీలైతే చేరిన 24 గంటల్లోపే పాలు మొదలుపెట్టమన్నాయి.

ఇప్పుడు కొన్నిచోట్ల పొట్ట మీద అల్ట్రాసౌండ్ ఆనించి, కడుపు కింది భాగం నిండి ఉందో ఖాళీగా ఉందో తెర మీదే చూస్తున్నారు. అయితే పొట్ట ఉబ్బి గట్టిపడినా, ఆకుపచ్చ వాంతి అయినా చూస్తూ కూర్చోరు. పేగుకు అడ్డు పడిందేమోనని పాలు ఆపేసి, అదే గొట్టం మూత తీసి సంచికి తగిలించి, లోపలున్నదాన్ని బయటికి కారనిస్తారు.