గోవా క్యాసినోకు లైసెన్సు ఇచ్చేదెవరు? లోపలికెళ్లే మనిషి ఎవరి బాధ్యత?

'పేకాట స్థావరంపై పోలీసుల దాడి, నగదు, సెల్‌ఫోన్లు స్వాధీనం.' తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఈ వార్త రాని వారం దాదాపు ఉండదు. అదే మూడు ముక్కలాట, అదే అందర్ బాహర్ పణజి దగ్గర మాండవి నదిలో లంగరేసిన ఓడల్లో తెల్లవార్లూ సాగుతాయి. అక్కడికి పోలీసులు రారు. ఆ ఆటకు గోవా ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది, ఫీజు కూడా తీసుకుంది.

ఒకే దేశంలో ఇంత తేడా ఎందుకంటే, రాజ్యాంగం ఏడో షెడ్యూలులో 'పందేలు, జూదం' రాష్ట్రాల జాబితాలో 34వ అంశంగా ఉంది. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే చట్టం చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు మూలం 1974 నాటి గేమింగ్ చట్టం. అది పూర్తిగా నిషేధ చట్టం, క్యాసినోకు లైసెన్సు ఇచ్చే దారే అందులో లేదు. నైపుణ్యంతో ఆడే ఆటలకు మాత్రం మినహాయింపు ఉండేది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని, అందులో నైపుణ్యానిదే పైచేయి అని తేల్చింది. ఆ తీర్పు అండతో క్లబ్బుల్లో రమ్మీ బల్లలు దశాబ్దాలపాటు నడిచాయి. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ చట్టాలను సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే రమ్మీని కూడా నిషేధంలోకి తెచ్చాయి.

నిజానికి గోవాలో ఉన్నదీ నిషేధ చట్టమే. 1976లో చేసిన ఆ చట్టానికి 1992లో ఒక కిటికీ తెరిచారు. సెక్షన్ 13ఎ చేర్చి, ఐదు నక్షత్రాల హోటళ్లలో స్లాట్ మెషీన్లకు అనుమతి ఇచ్చారు. 1996లో ఆ కిటికీ మరింత పెద్దదైంది. 'ఆఫ్‌షోర్' ఓడల్లో బల్లల మీద ఆడే ఆటలకూ అనుమతి వచ్చింది. అందుకే చట్టం ప్రకారం గోవా హోటల్లో ఉండాల్సింది యంత్రం, ముక్కలు పంచే మనిషి ఉండాల్సింది ఓడలో.

ఆఫ్‌షోర్ అంటే తీరానికి దూరంగా, సముద్రంలో అని ఎవరైనా అనుకుంటారు. ఈ ఓడలు ఉన్నది నదిలో. పణజి రోడ్డు మీద నిలబడితే వాటి దీపాలు కనిపిస్తాయి, చిన్న పడవలో కొన్ని నిమిషాల్లో చేరుకోవచ్చు. వాటిని మాండవి నుంచి తరలిస్తామని ప్రభుత్వాలు చెబుతూనే ఉన్నాయి, మంత్రివర్గం గడువు పొడిగిస్తూనే ఉంది.

లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర హోంశాఖ. ఏటా కట్టాల్సిన ఫీజు ఓడలో ఎంతమంది పడతారనే దాన్ని బట్టి పదుల కోట్లలో ఉంటుంది. ఇది కాక ఓడరేవుల శాఖ, కాలుష్య నియంత్రణ మండలి అనుమతులు వేరే ఉండాలి. ఇవన్నీ చూసేది ఓడ నీటిపై భద్రంగా ఉందా, మురుగు ఎటు పోతోంది, ఫీజు జమ అయిందా అన్నదే. బల్ల మీద జరిగేది ఎవరు చూడాలి? దానికోసం 2012లో మళ్లీ చట్టాన్ని సవరించి గేమింగ్ కమిషనర్ పదవిని సృష్టించారు. గోవా స్థానికులు క్యాసినోల్లో అడుగుపెట్టకూడదనే నిబంధన కూడా అప్పుడే వచ్చింది. అది అమల్లోకి వచ్చింది మాత్రం 2020 ఫిబ్రవరిలో. కమిషనర్ బాధ్యతను వాణిజ్య పన్నుల కమిషనర్‌కు అప్పగించారు. రాబడి లెక్క చూసే అధికారినే కాపలాకూ పెట్టారన్నమాట.

ఆ రాబడి కూడా తక్కువేం కాదు. చిప్స్ కొనడానికి చెల్లించే మొత్తంపై 2023 అక్టోబరు 1 నుంచి 28 శాతం, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం జీఎస్టీ పడుతోంది. అందులో సగం రాష్ట్రానిదే. ఆటగాడు ఎన్ని ఎక్కువ చిప్స్ కొంటే ఖజానాకు అంత లాభం. గెలిచిన సొమ్ముపై 30 శాతం ఆదాయపు పన్ను అదనం. ఇవాళ గెలిచినదానికి పన్ను కట్టాలి కానీ, రేపు పోగొట్టుకున్నది అందులోంచి తగ్గించుకోవడానికి లేదు.

మనవాళ్లకు వద్దు, మీరు రండి

స్థానికులను బయట ఉంచడం గోవాకే ప్రత్యేకం కాదు. 2002 చట్టంతో క్యాసినోలకు తలుపు తెరిచిన సిక్కిం కూడా తన ప్రజలను లోపలికి రానివ్వదు. నేపాల్ క్యాసినోల్లోకి నేపాలీలకు ప్రవేశం లేదు, అక్కడికి భారతీయులు పెద్ద సంఖ్యలో వెళ్తారు. జూదం మనిషిని ముంచుతుందని ఈ మూడు ప్రభుత్వాలూ ఒప్పుకున్నట్టే కదా. ఒప్పుకుని, మునిగేవాడు పక్క ఊరివాడైతే ఫర్వాలేదన్నట్టు చట్టం రాసుకున్నాయి. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లే మనిషి అక్కడ ఆ పక్క ఊరివాడే.

సింగపూర్‌లో పద్ధతి వేరు. పౌరులు, శాశ్వత నివాసులు క్యాసినోలోకి వెళ్లాలంటే 24 గంటలకు 150 సింగపూర్ డాలర్లు ప్రవేశ సుంకం కట్టాలి. జూదం వ్యసనంగా మారితే తనను లోపలికి రానివ్వద్దని ఆటగాడే రాసివ్వొచ్చు, కుటుంబ సభ్యులూ దరఖాస్తు చేయొచ్చు. గోవాలో ద్వారం దగ్గర చూసేది ముఖ్యంగా రెండే: వయసు 21 నిండిందా, చిరునామా బయటిదేనా. గుంటూరులో భర్త అప్పులు లెక్కపెట్టుకుంటున్న ఇల్లాలికి ఈ రెండు ప్రశ్నలూ అక్కరకు రావు.

అప్పుల సంగతి మరీ చిక్కు. భారత కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందాలు చెల్లవు. పందెంలో గెలిచిన సొమ్ము ఇప్పించాలని కోర్టుకెళ్తే ఆ దావా నిలవదు. చట్టంతో వసూలయ్యే దారి మూసుకుపోయిన చోట, బాకీ వసూలుకు ఇంకో దారి వెతుక్కునేవాళ్లు ఉంటారు. ఆ దారి తరచూ బాకీదారుడి ఇంటి గుమ్మం దాకా వస్తుంది.

పార్లమెంటు 2025 ఆగస్టులో ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా లేకుండా దేశమంతటా నిషేధించింది. ఓడలోని బల్లకు అది వర్తించదు. ఆ బల్ల ఇప్పటికీ 34వ అంశం కిందే, అంటే గోవా శాసనసభ చేతిలోనే ఉంది.