ఉక్కు కట్టడాలలో వెల్డింగు అతుకుల ఎడము, ఉష్ణోపచారము

ఉక్కు పలకలను, దూలాలను అంచుల వద్ద కరిగించి ఒకటిగా అతికే పద్ధతిని వెల్డింగు అంటారు. అతుకు గట్టిగానే ఉన్నా, దాని పక్కనున్న ఉక్కు వేడి వలన పెళుసుబారే అవకాశం ఉంది. అందుచేత అతుకుల మధ్య తగిన ఎడము పాటించడం, అతికే ముందు, తరువాత వేడిని అదుపు చేయడం వంతెనల నిర్మాణంలో ముఖ్యమైన నియమాలు.

రివెట్ల నుండి వెల్డింగు వరకు

రాజమండ్రి వద్ద గోదావరిపై 1897లో నిర్మాణం మొదలై 1900లో ప్రారంభమైన హేవలాక్ వంతెన రివెట్ల కాలానికి చెందినది. ఒక్కొక్కటి సుమారు 45.7 మీటర్ల పొడవు గల 56 స్పాన్లు ఇందులో ఉన్నాయి. దీనిపై 1997 వరకు రైళ్ళు నడిచాయి. ఆ కాలంలో పలకలకు రంధ్రాలు వేసి, ఎర్రగా కాల్చిన రివెట్లను దూర్చి, తలలు కొట్టి బిగించేవారు. రివెట్ల దూలంలో ఒక పలక పగిలితే ఆ పగులు సాధారణంగా ఆ పలక అంచు వద్దనే ఆగిపోతుంది. వెల్డింగు చేసిన దూలం మాత్రం ఒకే ముద్ద వంటిది. ఒకచోట పుట్టిన పగులు అతుకు గుండా పక్క పలకలోకి పాకగలదు.

అతుకు పక్కన జరిగే మార్పులు

ఉక్కు సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. అతుకు చల్లారుతూ కుంచించుకుపోవాలని చూస్తే, చుట్టూ ఉన్న చల్లని లోహం దానిని అడ్డగిస్తుంది. దీనివలన లోపల నిలిచిపోయే బలాన్ని అవశేష ప్రతిబలం అంటారు. కరగకపోయినా వేడికి నిర్మాణం మారిన భాగాన్ని ఉష్ణ ప్రభావిత మండలం అంటారు. మందమైన పలక వేడిని త్వరగా లాగివేస్తుంది కనుక, ఈ మండలం వేగంగా చల్లారి గట్టిపడి పెళుసవుతుంది.

ఎడము

రెండు అతుకులు మరీ దగ్గరగా ఉంటే వాటి ఉష్ణ ప్రభావిత మండలాలు, అవశేష ప్రతిబలాలు ఒకదానిపై ఒకటి పడతాయి. మూడు దిశలలో అతుకులు కలిసే మూలలో ఉక్కు సాగే వీలు లేక, హెచ్చరిక లేకుండా పగులుతుంది. 2000 డిసెంబరు 13న అమెరికాలోని మిల్వాకీలో హోన్ వంతెనకు ఇదే జరిగింది. ఒక స్పాన్‌లోని మూడు ప్రధాన దూలాలలో రెండు నిలువునా చీలాయి. అటువంటి చోట్ల అతుకులు తాకకుండా పలక మూలను కత్తిరించి ఖాళీ వదులుతారు.

అతుకును ముక్కలు ముక్కలుగా వేసినపుడు మరీ ఎక్కువ ఎడము కూడా పనికిరాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 800 (2007) ప్రకారం, ఒక్కొక్క ముక్క పొడవు అతుకు పరిమాణానికి నాలుగు రెట్లకు, 40 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ముక్కల మధ్య ఖాళీ, సంపీడనంలో పలుచని పలక మందానికి 12 రెట్లు, తన్యతలో 16 రెట్లు మించరాదు. ఏ సందర్భంలోనూ 200 మిల్లీమీటర్లు దాటరాదు.

ఉష్ణోపచారము

అతికే ముందు పలకను వేడిచేస్తే అతుకు నెమ్మదిగా చల్లారుతుంది, హైడ్రోజన్ బయటికి పోతుంది. ఎంత వేడి కావాలో పలక మందము, కర్బన తుల్యాంకము నిర్ణయిస్తాయి. కర్బన శాతానికి మాంగనీసు శాతంలో ఆరవ వంతు, క్రోమియం, మాలిబ్డినం, వనేడియంల మొత్తంలో అయిదవ వంతు, నికెల్, రాగిల మొత్తంలో పదిహేనవ వంతు కలిపితే ఈ తుల్యాంకము వస్తుంది.

అతికిన తరువాత మామూలు కర్బన ఉక్కును 550 నుండి 650 డిగ్రీల వరకు వేడిచేసి, ప్రతి 25 మిల్లీమీటర్ల మందానికి సుమారు ఒక గంట ఉంచి, మెల్లగా చల్లారిస్తే అవశేష ప్రతిబలం చాలావరకు తగ్గుతుంది. పొడవైన వంతెన దూలాలు కొలిమిలో పట్టవు. కనుక ఈ పద్ధతి బాయిలర్లకు, పీడన పాత్రలకు ఎక్కువగా వాడతారు. వంతెనలకు ముందు వేడిచేయడమే ప్రధాన రక్షణ.

తేమ వలన అపాయము

ఎలక్ట్రోడు పూతలోని తేమ ఆర్కులో విడిపోయి హైడ్రోజన్‌ను ఇస్తుంది. దానివలన కలిగే పగులు చల్లారిన తరువాత 48 గంటలకు కూడా బయటపడవచ్చు. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1962 జూలై 10న కింగ్స్ వంతెన దూలాలు విరిగాయి. అతుకుల అంచులలో కర్మాగారం దశలోనే ఏర్పడిన పగుళ్ళే వాటికి మూలం. గోదావరి డెల్టాలో చలి తక్కువైనా వానాకాలపు తేమ ఎక్కువ. కనుక అల్ప హైడ్రోజన్ ఎలక్ట్రోడులను ఓవెన్‌లో ఆరబెట్టి వాడడం, తడిసిన అంచులను వేడితో ఆరబెట్టడం, రెండు రోజుల తరువాత పరీక్షించడం ఇక్కడి పనులకు ఎంతో అవసరం.