అమ్మరాని వస్తువులు

తిరుమలలో కల్యాణకట్ట యొద్ద తలనీలములు సమర్పించు భక్తుడు వానికి వెల కట్టడు. అది మ్రొక్కుబడి. తరువాత దేవస్థానమువారు ఆ కేశములను పొడవును బట్టి తరగతులుగా విభజించి వేలము వేయుదురు. కొనినవారు వానిని శుభ్రపరచి విదేశములకు పంపుదురు; అచ్చట నవి కృత్రిమకేశములై అంగడి కెక్కును. దేహములో భాగమైయున్నది దేవునికి కానుకయై, పిదప వర్తకునికి సరకైనది. వస్తువు మారలేదు, దానితో మనుష్యులకు గల సంబంధము మారినది.

వెండ్రుకలు మరల మొలచును గనుక ఈ మార్పు మనల నంతగా కలవరపెట్టదు. మూత్రపిండమును, కొండయు ఇట్లే అంగడికి వచ్చినప్పు డేమగునో మానవశాస్త్రజ్ఞులు విచారించియున్నారు. వారి అభిప్రాయములను కొన్నింటిని మన మిప్పుడు పరిశీలింతము.

ఫ్రెంచి పండితుడు మార్సెల్ మోస్ 1925లో దానమును గూర్చి ప్రసిద్ధమైన వ్యాసము ప్రకటించెను. ఇచ్చిన వస్తువుతో పాటు ఇచ్చినవాని అంశ కొంత వెళ్ళుననియు, అందుచే పుచ్చుకొనినవానికి తిరిగి ఇయ్యవలసిన బాధ్యత కలుగుననియు అనేక జాతుల ఆచారములనుండి ఆయన నిరూపించెను. కానుక మనుష్యులను ముడివేయును. అమ్మకములోనో, వెల చెల్లగానే ముడి వీడిపోవును.

అర్జున్ అప్పాదురై సంపాదకత్వమున 1986లో వెలువడిన గ్రంథములో ఈగర్ కోపిటాఫ్, మనుష్యులకు వలెనే వస్తువులకును జీవితచరిత్ర ఉండునని ప్రతిపాదించెను. సరకగుట వస్తువునకు పుట్టుకతో వచ్చిన గుణము కాదు; దాని జీవితములో నొక దశ. ఏది ఆ దశకు రావచ్చునో, ఏది రారాదో నిర్ణయించునది సమాజమే.

మన సమాజ మెట్లు నిర్ణయించినది? సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన ఆదేశముల ననుసరించి, 1998 జనవరి 1 నుండి డబ్బుకు రక్తము నిచ్చు పద్ధతి నిషేధింపబడినది. అవయవముల క్రయవిక్రయములను 1994 నాటి చట్టము నేరముగా పరిగణించినది.

అయినను కొందరు, “పేదవాని దేహము పేదవానిదే గదా, అమ్ముకొను స్వేచ్ఛ కేల అడ్డు?” అని ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. 2001లో చెన్నైలో మూత్రపిండము నమ్ముకొనిన 305 మందిని పరిశోధకులు విచారించిరి. నూటికి 96 మంది అప్పు తీర్చుటకే అమ్మితిమనిరి. కాని అమ్మిన తరువాత వారి కుటుంబముల సగటు ఆదాయము మూడింట నొకవంతు తగ్గినది. నాలుగింట మూడువంతుల మంది అప్పులలోనే మిగిలిరి. తమిళనాట ఇదే విషయమును పరిశీలించిన మానవశాస్త్రజ్ఞుడు లారెన్స్ కోహెన్ మరియొక సంగతి గమనించెను. మూత్రపిండము లమ్ముడుపోవు పేటలలో అప్పిచ్చినవారి ఒత్తిడి హెచ్చుచున్నది. అమ్మదగిన అంగ మొకటి యున్నదని తెలిసినపుడు అదియే తాకట్టు వస్తువగును. అనగా, ఒకని స్వేచ్ఛ పొరుగువాని కొక నిర్బంధమగుచున్నది.

ప్రకృతి విషయమును ఇట్టిదే. భూమి అమ్మకమునకై ఎవ్వరును తయారుచేసిన వస్తువు కాదనియు, దానిని సరకుగా భావించుట కేవలము కల్పన యనియు కార్ల్ పొలానీ 1944లో వ్రాసెను. ఆ కల్పనయే శాసనమైనచో దానిపై బ్రతుకు జనము చెదరిపోవుదురని ఆయన హెచ్చరిక. మన అనంతగిరి ప్రాంతమున గిరిజనుల భూములు గనులకై కౌలునకు పోయినపుడు ‘సమత’ అను సంస్థ న్యాయస్థానము నాశ్రయించెను. షెడ్యూల్డు ప్రాంతములలో ప్రభుత్వ భూమినైనను గిరిజనేతరులకు గనుల నిమిత్తము కౌలు కీయరాదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కౌలుపత్రమున ఎకరములుగా లెక్కింపబడిన ఆ నేల గిరిజనులకు పంటచేను, ఊటనీరు, నివాసము.

ఇన్నింటివలన తేలున దేమనగా, అమ్మరానిదని నిర్ణయించుట సగము పని మాత్రమే. మూత్రపిండ మమ్మరాదని చెప్పిన సమాజము, అమ్మవలసిన దుస్థితికి తెచ్చిన ఆ అప్పు సంగతి చూడక తప్పదు. కొండ నమ్మరాదని చెప్పినపుడు, దాని నీడను బ్రతుకువారి జీవనాధారమును గూర్చియు ఆలోచింపవలెను. ఆ మిగిలిన సగమునకు చట్టమొక్కటియే చాలదు. అది మనలో ప్రతియొక్కరి పూచీ.