ఇంటి తొక్కులో మిరప: వేయించుటలో మెళకువలు, ఎండబెట్టుటలో జాగ్రత్తలు

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో జొన్నరొట్టెకు మిర్చి తొక్కు చిరకాలపు తోడు. ఋతువును బట్టి ఆ తొక్కు మారుతుంది. కార్తీకం నాటికి పచ్చికాయ చేతికి వస్తుంది. దానిని వేయించి, పల్లీలు చేర్చి రోట్లో నూరుతారు. సంక్రాంతి దాటిన పిమ్మట పండుకాయను ఉప్పు, చింతపండుతో దంచి నిల్వ చేస్తారు. వేసవిలో ఎండుకాయను వేయించి, ఏడాదికి సరిపడా కారం కొట్టించుకుంటారు. అయితే వేయించుట రుచిని పెంచగలదే గాని, కళ్లంలో చెడిన కాయను బాగుచేయజాలదు.

కాయ తత్వం, వేయించే తీరు

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, హాచ్ పరిసరాలలో పండే పచ్చి మిరపకు కండ దళసరి. అక్కడ ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో కాయలను తిరిగే ఇనుప పీపాలలో మంటపై కాల్చి, పైపొర ఒలిచి, అతిశీతల పెట్టెలలో దాచుకుంటారు. మన ఎండుమిర్చి రకాలకు కండ పలుచన. అందువలన అవి త్వరగా ఎండుతాయి, త్వరగా మాడుతాయి. పొర ఒలుచుటకు అనుకూలించవు. పెనంపై కొద్ది నూనెతో, సన్నని సెగపై కలియబెట్టుతూ వేయించుటే వీటికి తగినది. పచ్చికాయలు పేలకుండా ముందుగా గాటు పెట్టాలి. ఎండుకాయలను వేయించునపుడు ఘాటు గాలిలో కలిసి దగ్గు పుట్టిస్తుంది గనుక కిటికీలు తెరచి ఉంచాలి.

ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ ప్రధానంగా గింజలను పట్టి ఉంచే తెల్లని భాగంలో ఉంటుంది. ఘాటు తగ్గవలెనన్న ఆ భాగాన్ని తీసివేయాలి. క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, కొవ్వులో కరుగుతుంది. నోరు మండినపుడు నీటికంటె పాలు, మజ్జిగ మేలు చేయుటకు వాటిలోని కేసీన్ అను మాంసకృత్తు కూడా కారణం.

వేయించినా తొలగని విషం

కాయ సరిగా ఎండకపోయినా, అకాల వర్షానికి తడిసినా ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అను బూజు ఆశిస్తుంది. అది విడుదల చేసే అఫ్లాటాక్సిన్ కాలేయానికి హానికరం, క్యాన్సర్ కారకం. ఈ విషం వేడిని తట్టుకుంటుంది. వంటింటి సెగకు పూర్తిగా నశించదు. పల్లీలను కూడా ఇదే బూజు ఆశిస్తుంది. కావున పల్లీలు, మిరప కలిసిన తొక్కులో ముప్పు రెండు వైపుల నుండి రావచ్చును.

ఐరోపా సమాఖ్య మిరపలో మొత్తం అఫ్లాటాక్సిన్లను కిలోకు 10 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. ఎగుమతి సరుకు ఈ పరీక్షకు నిలవాలి. ఇంటి డబ్బాలోని కారానికి అట్టి పరీక్ష లేదు. మేలైన కాయను అంగడికి పంపి, తాలుకాయలను ఇంటి కారానికి మిగిల్చినచో నష్టం పండించిన కుటుంబానికే.

కళ్లంలో జాగ్రత్తలు

• కోసిన కాయలను నేలపై గాక టార్పాలిన్ పట్టాలపై గాని, సిమెంటు కళ్లంలో గాని పలుచగా ఆరబెట్టాలి.
• రోజుకు పలుమార్లు కలియదిప్పాలి. రాత్రి మంచు పడకుండా కప్పాలి.
• తేమ 10–11 శాతానికి తగ్గిన పిదపనే నిల్వ చేయాలి.
• బూజు పట్టినవి, రంగు మారినవి, తెల్లబారినవి ఏరివేయాలి. వాటిని ఇంటి కారంలో కలుపరాదు.
• కారాన్ని గాలి చొరని డబ్బాలలో, వెలుతురు సోకని చోట ఉంచాలి.

విస్తరణ సిబ్బందికి సూచనలు

నల్ల తామర పురుగుల ఉధృతి తరువాత మిరపపై పిచికారీలు పెరిగినచోట పచ్చికాయ వాడకంలో మరింత జాగ్రత్త అవసరం. పిచికారీకి, కోతకు మధ్య మందు డబ్బాపై సూచించిన వ్యవధి పాటించవలెనని ఇంటివారికీ తెలియజెప్పాలి. ఇంటి అవసరాలకు పెరటిలో వేరుగా కొన్ని మొక్కలు పెంచుకొనుట ఉత్తమం.

పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, అచటి కృషి విజ్ఞాన కేంద్రం, మోజెర్ల ఉద్యాన కళాశాల ఈ ప్రాంత రైతులకు అందుబాటులో ఉన్నవి. కోత అనంతర శిక్షణలకు మహిళలను తప్పక పిలువవలెను. కాయలను ఏరుట, ఆరబెట్టుట, కారం పట్టించుట అనేక ఇళ్లలో వారి చేతులమీదుగనే జరుగుచున్నవి.