బడికి పోవు బిడ్డకు ఇంటి శిక్షణ

జూన్ రెండవ వారమున, వేసవి సెలవులు ముగిసి ప్రభుత్వ పాఠశాలలు తెరచు దినములలో, ఒకటవ తరగతి గడపయొద్ద తల్లి కొంగు విడువక నిలుచు పసివారు తెలుగునాట ప్రతి యూరను కానవత్తురు. అక్షరములు రావను బెంగతో వారు ఏడ్చుట లేదు. ఆకలియైనను దప్పికయైనను ఇంటివారికి గాక పరులకు చెప్పుకొను అలవాటు లేక ఏడ్చుచున్నారు. అయినను తల్లిదండ్రులలో పెక్కుమంది, బిడ్డచేత అఆలును, ఏబీసీడీలును, నూరువరకు అంకెలును వల్లెవేయించినచో తమ బాధ్యత తీరినదని తలంచుచున్నారు.

అక్షరములు నేర్పుట బడి పని. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము, 6 మొదలు 14 ఏండ్ల బాలబాలికలకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగా నొసగుటయే గాక, చేర్చుకొనునపుడు పిల్లలను పరీక్షించి యేరుటను నిషేధించినది. వయోధ్రువపత్రము లేదను కారణమున ప్రవేశము నిరాకరింపరాదనియు శాసించినది. పళ్ళెములోని బియ్యమున వ్రేలు పట్టి దిద్దించు అక్షరాభ్యాసము, బాసరలో జరిగినను ఇంటిలో జరిగినను, మిక్కిలి మంచి ఆచారమే. మరునాటినుండి లేత వ్రేళ్ళచేత గంటలకొలది పెన్సిలు పట్టించుట మాత్రము మంచిది కాదు. చింతగింజలేరుట, బంకమట్టితో బొమ్మలు చేయుట, అమ్మ ప్రక్కన కూర్చుండి ముగ్గుచుక్కలు పెట్టుట మున్నగువానివలననే వ్రాయగల సత్తువ వ్రేళ్ళకు అలవడును.

ఇంట నేర్పవలసినది వేరు. మధ్యాహ్న భోజనవేళ బడి వరండాలో ఒక్కమారు నిలిచి చూచినచో అది తెలియును. నాయనమ్మ చేతి ముద్దలకే అలవాటుపడిన బిడ్డ, పప్పు పోసిన వేడి అన్నము ఎట్లు కలుపవలయునో తెలియక, ఉడికించిన గ్రుడ్డును పెంకుతోనే చేతబట్టుకొని, ప్రక్కవారు తిని లేచువరకు అట్లే కూర్చుండును. అంచునుండి కొంచెము కొంచెముగా చల్లార్చి కలుపుకొని తిని, తన పళ్ళెమును తానే కడుగుకొని వచ్చు బిడ్డకు బడియందు బెరుకుండదు. దొడ్డికి పోవలయునని సిగ్గుపడక చెప్పుట, లాగు గుండీ తానే పెట్టుకొనుట, తన పేరును తల్లిదండ్రుల పేర్లను తడబడక పలుకుట గూడ ఈ కోవలోనివే. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద 3 నుండి 6 ఏండ్ల పిల్లలకు అంగన్‌వాడీలలో ఆటపాటలతో పూర్వ ప్రాథమిక విద్య గరపుచున్నారు. నలుగురిలో కూర్చుండుట అచటనే అలవాటైన పిల్లలు ఒకటవ తరగతిలో తొందరగా కుదురుకొందురు.

అన్నిటికంటె హాని చేయునది భయము. “మాట వినకుంటే బళ్ళో వేస్తాను, పంతులుగారు తాట తీస్తారు” అని బెదరించిన నోటితోనే, కొలదిదినములకు, నవ్వుచు బడికి పొమ్మన్నచో బిడ్డ ఎట్లు నమ్మును? దండనను, మానసిక వేధింపును విద్యాహక్కు చట్టమే నిషేధించియుండగా, బడిలో లేని బెత్తమును ఇంటిలో మనమేల సృష్టింపవలయును?

ఐదారేండ్ల ప్రాయమున వేయవలసిన డీపీటీ బూస్టరు టీకా వేయించి, చూపును వినికిడిని ఒకమారు పరీక్షింపజేయుట మరువరాదు. తెలంగాణమున ‘బడిబాట’ పేర ఉపాధ్యాయులు ఇంటింటికి వచ్చెదరు. ఆ దినమున బిడ్డ తలుపు చాటున నక్కియున్నచో దగ్గరకు పిలిచి, తన పేరును తానే చెప్పుకొననిండు. మీరు అందీయక ఓపికతో వేచియుండుడు.