బోర్డు చూసి కాదు, ప్రశ్న అడిగి వెళ్ళండి

ఇంట్లో ఎవరికైనా షుగర్ పెరిగితే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాం. పన్ను నొప్పి పుడితే ఆ సాయంత్రమే ఆసుపత్రిలో ఉంటాం. కాని మనసు చెదిరితే మాత్రం నెలల తరబడి దాచిపెడతాం. బయటికి పొక్కితే ఆడపిల్లకు సంబంధం రాదన్న భయం ఒకటి, ఈమాన్ బలహీనమంటారేమోనన్న బిడియం మరొకటి. ఈ రెంటి మధ్య నలిగిపోయేది రోగి.

ఇటీవల చదువుకున్న పిల్లలు తామే ముందుకొచ్చి, "నాకు యాక్ట్ థెరపిస్టు కావాలి" అని అడుగుతున్నారు. తల్లిదండ్రులు తికమకపడుతున్నారు. అది ఏ వైద్యం? ఎవరి దగ్గర దొరుకుతుంది? మన దీన్‌కు విరుద్ధం కాదు కదా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే.

యాక్ట్ అంటే "యాక్సెప్టెన్స్ అండ్ కమిట్‌మెంట్ థెరపీ". మాత్రలు లేకుండా మాటలతో, అభ్యాసంతో చేసే చికిత్స. అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయ ఆచార్యుడు స్టీవెన్ హేస్, ఆయన సహచరులు 1980లలో దీన్ని రూపొందించారు. 1999లో దీనిపై సమగ్ర గ్రంథం వెలువడింది. హేస్ తానే ఒకప్పుడు తీవ్రమైన గుండెదడతో, భయంతో బాధపడినవాడు. భయాన్ని తరిమేకొద్దీ అది బలపడుతుందని ఆయన అనుభవంతో గ్రహించాడు.

వస్వసా ఉదాహరణ

మనకు బాగా తెలిసిన వస్వసానే తీసుకుందాం. ఒక అమ్మాయి వుజూ చేసింది. మోచేతి దగ్గర తడి అంటలేదేమోనన్న అనుమానం వచ్చింది. మళ్ళీ కడిగింది. నిమిషం సేపు ఊరట. మళ్ళీ అనుమానం. చూస్తుండగానే నమాజు వేళ దాటిపోయింది. ఇంట్లోవాళ్ళు "ఆలోచించకు" అంటారు. ఆలోచించకూడదని అనుకోవడమే మరో ఆలోచన అయి కూర్చుంటుంది.

యాక్ట్ చికిత్సకుడు ఆ అనుమానంతో వాదానికి దిగడు. "ఇదిగో, మళ్ళీ ఆ సందేహం వచ్చింది" అని గుర్తించి, దాన్ని ఉండనిచ్చి, జానమాజ్ మీదికి నడవడం నేర్పుతాడు. సందేహం పోయాక నమాజు కాదు, సందేహం ఉండగానే నమాజు. మన ఫుఖహా కూడా వస్వసా ఉన్నవారిని ఆ అనుమానాన్ని లెక్కచేయవద్దనే చెప్పారు. వుజూ చేసిన మాట ఖాయమైతే కేవలం అనుమానంతో అది భంగం కాదన్నది ఫిఖ్హ్‌లో పేరుపొందిన సూత్రం. ఇలాంటి రుగ్మత ఉన్న 79 మందిపై జరిపిన పరిశోధన 2010లో వెలువడింది. ఎనిమిది సిట్టింగుల యాక్ట్ చికిత్స, శరీరాన్ని సడలించే అభ్యాసం కన్న మేలైన ఫలితమిచ్చిందని అందులో తేలింది.

అయితే "యాక్సెప్టెన్స్" అన్నారు కదా అని జులుమ్‌ను భరించమని అర్థం కాదు. భర్త చేతి దెబ్బలనో, అత్తింటి వేధింపులనో అంగీకరించమని చెప్పేది ఈ చికిత్స కానేకాదు. అంగీకరించవలసింది లోపల పుట్టే భయాన్ని, బాధను. సబ్ర్ అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం కానట్లే ఇదీను. ఒంటెను కట్టేసిన తర్వాతే తవక్కుల్ అన్న బోధ మనకు కొత్తది కాదు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి?

ముందుగా తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఈ చికిత్సకు సంబంధించిన అంతర్జాతీయ సంఘం 2005లో ఏర్పడింది. అది "యాక్ట్ థెరపిస్టు" అని ఎవరికీ ధ్రువపత్రం ఇవ్వదు. దాని జాబితాలో సభ్యులు తమ పేర్లు తామే నమోదు చేసుకుంటారు. కాబట్టి బోర్డు మీది పేరు గాని, జాబితాలోని పేరు గాని పూచీ కాదు.

మొదట మూల అర్హత చూడండి. క్లినికల్ సైకాలజిస్టు అయితే 1992 నాటి చట్టం కింద పనిచేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. నెంబరు అడిగి సరిచూసుకోవచ్చు. మందులు రాసేది సైకియాట్రిస్టు. ఇక "కౌన్సిలర్" అన్న మాట ఎవరైనా పెట్టుకోగలరు, జాగ్రత్త.

తర్వాత మొహమాటం లేకుండా అడగండి. యాక్ట్ ఎక్కడ, ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నారు? మావంటి సమస్య ఉన్నవారిని ఇదివరకు చూశారా? ఎన్ని సిట్టింగులు కావచ్చు, ఫీజు ఎంత? గుణం కనిపిస్తున్నదని ఎలా తెలుస్తుంది? మంచి చికిత్సకుడు ఓపికగా జవాబు చెబుతాడు. విసుక్కునేవాణ్ణి వదిలి మరొకరిని చూసుకోండి.

మొదటి రెండు మూడు సిట్టింగుల్లోనే కొన్ని గుర్తులు కనబడతాయి. "నీ జీవితంలో నీకు విలువైనదేది?" అని అతడు అడగాలి. నమాజు, తల్లిదండ్రుల సేవ, చదువు... జవాబు రోగిదే, చికిత్సకుడిది కాదు. ఇంటి దగ్గర చేయడానికి చిన్న చిన్న పనులు ఇవ్వాలి. శ్వాస మీద, నేలను తాకే పాదాల మీద ధ్యాస నిలిపే అభ్యాసాలు ఉంటాయి. ఇవి మరో మతపు ఆరాధనలు కావు. అయినా ఏదైనా మనసుకు ఒప్పకపోతే చెప్పండి, మార్చగలరు. చికిత్సకుడు ముస్లిమే కానక్కరలేదు. మన నమాజును, హిజాబును చులకన చేయకుండా ఉంటే చాలు. అలాగే ముస్లిమైనంత మాత్రాన అది అర్హత కాబోదు. ఉర్దూలోనో తెలుగులోనో, ఏ భాషలో ఏడుపొస్తుందో ఆ భాషలో మాట్లాడే వీలుందో లేదో తెలుసుకోండి.

జిల్లాల్లో అలాంటివారు దొరక్కపోతే వీడియో ద్వారా మాట్లాడేవారున్నారు. అదీ కుదరకపోతే పేరు కోసం ఆగవద్దు. వస్వసా వంటి రుగ్మతకు, అనుమానాన్ని ఎదుర్కొని కడగకుండా ఆగడం నేర్పే ఇ.ఆర్.పి. పద్ధతి ఎంతో కాలంగా పరీక్షకు నిలిచినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో యాక్ట్ ఆధారంగా, ఒత్తిడి వేళ తనకు తాను సాయపడే ఉచిత బొమ్మల పుస్తకం వెలువరించింది. ఈ విధానాన్ని ఉగాండాలోని దక్షిణ సూడాన్ శరణార్థి మహిళలతోను, టర్కీలోని సిరియా శరణార్థులతోను పరీక్షించి చూశారు.

ఒక హెచ్చరిక. చావాలని ఉందన్నా, లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, తిండీ నిద్రా మానేసినా యాక్ట్ థెరపిస్టు కోసం వెతుకుతూ కూర్చోవద్దు. అదే రోజు సైకియాట్రిస్టుకు చూపించండి. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ 14416 నెంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోను చేయవచ్చు. డాక్టరు రాసిన మాత్రలను సొంతంగా ఆపకండి.

సంబంధాల భయంతో దాచే తల్లిదండ్రులకు చివరి మాట. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే చెబుతున్నది. చికిత్సకుడు బయటపెట్టడు. కాని కొళాయి దగ్గర గంటల తరబడి నిలబడే బిడ్డ బాధ ఎంతకాలం దాగుతుంది? బోర్డును కాదు, మనిషిని పరీక్షించి ఎంచుకోండి. ఎంచుకున్నాక ఆలస్యం చేయకండి. అల్లాహ్ మన బిడ్డల మనసులకు నెమ్మది ప్రసాదించుగాక. ఆమీన్.